కంపెనీ లాయరు: రాస్తే ఒక చిక్కు, రాయకపోతే ఇంకో చిక్కు

గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ వైపు ఏ పెద్ద కంపెనీ చూసినా, లీగల్ టీమ్ పంపే ఈమెయిలు మీద ఒక వరుస తప్పకుండా కనిపిస్తుంది: ‘ప్రివిలేజ్డ్ అండ్ కాన్ఫిడెన్షియల్’. ఇది లాయరుకూ క్లయింటుకూ మధ్య నడిచిన మాట, బయటపెట్టమని పోలీసులు గానీ ఈడీ గానీ కోర్టు గానీ అడగకూడదు అని దాని ఉద్దేశం. అమెరికా హెడ్డాఫీసు టెంప్లేటులో ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడికి వచ్చేసింది. మన చట్టం ముందు ఆ వరుసకు ఎంత విలువ ఉందో చాలా ఏళ్లు ఎవరూ గట్టిగా తేల్చుకోలేదు. 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు తేల్చేసింది. జీతానికి పనిచేసే కంపెనీ లాయరుకూ అతని యాజమాన్యానికీ మధ్య జరిగే సంభాషణకు ఆ రక్షణ లేదు.

ఫార్మా, ఐటీ, విదేశీ కంపెనీల జీసీసీలు (తమ పనుల కోసం ఇక్కడ పెట్టుకున్న సొంత కేంద్రాలు) ఇన్ని ఉన్న హైదరాబాదులో ఇది ఏ కొద్దిమందికో సంబంధించిన సంగతి కాదు. లీగల్ మేనేజర్లు, కంపెనీ సెక్రటరీలు, కంప్లయన్స్ హెడ్‌లు రోజూ రాసే ప్రతి నోట్‌కూ ఇది వర్తిస్తుంది. పైగా ఇదే సమయంలో వేరే చట్టాలు ‘మీకు తెలిసి కూడా ఆపలేదేం’ అని వాళ్లనే నిలదీసే పరిస్థితి ఉంది. తన హెచ్చరిక రాతలో పెడితే అది రేపు కంపెనీ మీద సాక్ష్యం అవుతుంది. పెట్టకపోతే తాను ఆపడానికి ప్రయత్నించాడనడానికి సాక్ష్యం ఉండదు. మిగతా సమస్యలన్నీ దాదాపు ఈ ముడి నుంచే వస్తాయి.

చట్టం దృష్టిలో ఆయన ఎవరు?

లా చదివి, హైకోర్టు ఆవరణలోని రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి, బార్ పరీక్ష పాసై, ఏడాదో రెండేళ్లో సీనియర్ దగ్గర చేసి, తర్వాత మంచి జీతం చూసుకుని కంపెనీలో చేరడం ఇక్కడ మామూలు దారి. చేరిన రోజు నుంచి ఆయన అడ్వకేట్‌గా ప్రాక్టీసు చేయడానికి వీల్లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 49వ నియమం ఇదే చెబుతుంది. ప్రాక్టీసులో ఉన్నంతకాలం ఎవరి దగ్గరా పూర్తికాల జీతపు ఉద్యోగం చేయకూడదు, చేరితే ఆ సంగతి బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు ఆపేయాలి. హిమాచల్ ప్రదేశ్ విద్యుత్ బోర్డు లా ఆఫీసర్ ఒకరి కేసులో 2001లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది.

అందుకే సిటీ సివిల్ కోర్టులో కంపెనీ కేసు నడుస్తుంటే లీగల్ మేనేజరు వకాల్తా వేయలేడు. బయటి అడ్వకేట్‌కు వకాల్తా ఇచ్చి, తాను కంపెనీ తరఫు అధీకృత ప్రతినిధిగా అఫిడవిట్ మీద సంతకం పెడతాడు. అవసరమైతే బోనెక్కి సాక్ష్యం చెబుతాడు, ఎదుటి లాయరు చేతిలో క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడతాడు. చదువు లాయరుది, హోదా ఉద్యోగిది.

చాలామంది బార్ కౌన్సిల్‌కు చెప్పకుండానే ఉద్యోగంలో చేరిపోతారు, మళ్లీ కోర్టుకు వెళ్దామనుకున్నప్పుడే టెన్షన్ మొదలవుతుంది. జిల్లా జడ్జిగా నేరుగా ఎంపిక కావాలనుకునే అడ్వకేట్‌కు కనీసం ఏడేళ్ల ప్రాక్టీసు కావాలి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాక్టీసు ఆపేసి కంపెనీలో గడిపిన ఏళ్లను ప్రాక్టీసుగా చూపించుకోవడం కుదరదు. జడ్జి పరీక్ష మనసులో ఉన్న కుర్రాళ్లు ఆఫర్ లెటర్ తీసుకునే ముందే ఈ లెక్క వేసుకోవాలి.

అక్టోబరు తీర్పు ఏం చెప్పింది

ఆ కేసు అసలు కంపెనీ లాయర్ల గురించి మొదలైంది కాదు. క్లయింటుకు సలహా ఇచ్చినందుకు ఇద్దరు సీనియర్ అడ్వకేట్లకు 2025లో ఈడీ సమన్లు పంపింది. గుజరాత్‌లో పోలీసులు ఒక అడ్వకేట్‌కు నోటీసు ఇచ్చారు. దేశమంతా బార్ అసోసియేషన్లు మండిపడ్డాయి. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. అప్పటి చీఫ్ జస్టిస్ బి.ఆర్.గవాయ్ నాయకత్వంలోని బెంచి కోర్టుల్లో ప్రాక్టీసు చేసే అడ్వకేట్లకు మంచి రక్షణే ఇచ్చింది. క్లయింటు కేసు వివరాల కోసం అడ్వకేట్‌ను పిలవాలంటే చట్టంలోని మినహాయింపుల్లో ఏదో ఒకటి ఉండాలి, ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి అనుమతి ఉండాలి.

మమ్మల్ని కూడా అదే గొడుగు కిందికి తీసుకోండని కంపెనీ లాయర్ల తరఫున వాదన వచ్చింది. కోర్టు ఒప్పుకోలేదు.

ఎందుకో తెలియాలంటే రెండు సెక్షన్లు చూడాలి. 1872 నాటి సాక్ష్య చట్టంలో 126 నుంచి 129 వరకు ఉన్న సెక్షన్లే 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 132, 133, 134 సెక్షన్లయ్యాయి. 132 అడ్వకేట్ నోరు కట్టేస్తుంది. క్లయింటు ఒప్పుకుంటే తప్ప వృత్తిలో భాగంగా విన్నది బయటపెట్టకూడదు. 134 క్లయింటును కాపాడుతుంది. తన న్యాయ సలహాదారుతో రహస్యంగా మాట్లాడింది చెప్పమని అతన్ని ఎవరూ బలవంతపెట్టకూడదు.

132లో ఉన్నది ‘అడ్వకేట్’ అనే మాట. 49వ నియమం వల్ల కంపెనీ లాయరు ప్రాక్టీసులో ఉన్న అడ్వకేట్ కాదు, కాబట్టి ఆ సెక్షన్ ఆయనకు వర్తించదు. 134 విషయంలో కోర్టు సగం తలుపు తెరిచింది. కంపెనీ నియమించుకున్న బయటి న్యాయ సలహాదారుకు ఇన్‌హౌస్ లాయరు (అంటే జీతం మీద ఉన్న కంపెనీ లాయరు) పంపే సమాచారానికి రక్షణ ఉంటుంది. యాజమాన్యానికీ ఇన్‌హౌస్ లాయరుకూ మధ్య నడిచేదానికి ఉండదు.

ఇంతకుముందు కంపెనీలకు ధైర్యంగా ఉన్నది బొంబాయి హైకోర్టు 1980ల మొదట్లో ఇచ్చిన తీర్పు. జీతగాడైనా యజమానికి న్యాయ సలహా ఇస్తుంటే మిగతా లాయర్లకున్న రక్షణే అతనికీ ఉండాలని అది చెప్పింది. నలభై ఏళ్లకు పైగా అందరూ దాన్నే చూపించారు. ఇక ఆ దారి మూసుకున్నట్టే.

జీతం తీసుకునేవాడు యజమాని వ్యాపార ప్రయోజనాలకు లొంగి ఉంటాడు, స్వతంత్రంగా సలహా ఇవ్వలేడు అన్నది కోర్టు తర్కం. యూరోపియన్ యూనియన్ కోర్టు 2010లో ఆక్జో నోబెల్ కేసులో దాదాపు ఇదే మాట అంది. ఈ తర్కం నాకు పూర్తిగా మింగుడుపడదు. తన ఆదాయంలో పెద్ద వాటా ఒకే కంపెనీ నుంచి వచ్చే బయటి లా ఫర్మ్ మాత్రం ఎంత స్వతంత్రం? పైగా తప్పు జరగబోతున్నప్పుడు మొదట కనిపెట్టేది పక్క గదిలో కూర్చున్న లాయరే. ఆయనతో మనసు విప్పి మాట్లాడటం ప్రమాదమని తెలిస్తే మేనేజర్లు ఆయన్ను అడగడమే మానేస్తారు. అయితే నా అసంతృప్తితో చట్టం మారదు, పని ఈ చట్టం కిందే చేసుకోవాలి.

ఆఫీసులో దీని అర్థం

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. పాశమైలారంలోని ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పరీక్ష ఫలితాలు మారుస్తున్నారని ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ఎండీ లీగల్ హెడ్‌ని పిలిచి ‘మీరే చూడండి’ అన్నారు. ఆయన పదిమందితో మాట్లాడి, ‘ఇది ఫలానా మేనేజరుకు తెలిసే జరుగుతోంది, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కంట పడితే ఎగుమతులు ఆగిపోతాయి’ అని నాలుగు పేజీల నోట్ రాసి పంపారు. మంచి పనే. కానీ రేపు దర్యాప్తు సంస్థ తలుపు తడితే ఆ నాలుగు పేజీలు తీసుకెళ్లడాన్ని ప్రివిలేజ్ పేరుతో ఆపలేరు.

అదే మొదటి రోజే బయటి అడ్వకేట్‌ను నియమించి, వాస్తవాలు ఆయన ముందు పెట్టి, సలహా ఆయన నుంచి తీసుకుని ఉంటే ఆ సంప్రదింపులకు 132, 134 సెక్షన్ల రక్షణ దొరికేది. ల్యాబ్ రికార్డులకు మాత్రం ఏ దారిలోనూ రక్షణ లేదు. ముందే ఉన్న పత్రాన్ని అడ్వకేట్ బీరువాలో పెట్టినంత మాత్రాన అది దాపరికంలోకి వెళ్లదని అక్టోబరు తీర్పులో కూడా ఉంది. చట్టవిరుద్ధమైన పనికి తోడ్పడటానికి అడిగిన సలహాకు కూడా ఎలాంటి రక్షణా ఉండదు.

ఇక్కడ కొందరు ఒక తెలివి చూపిస్తారు. ప్రతి ఈమెయిలుకూ బయటి లాయరును సీసీలో పెట్టేయడం. సలహా అడగని చోట, సలహా ఇవ్వని చోట, లాయరు పేరు ఒక మూల కనిపించినంత మాత్రాన అది న్యాయ సలహా అయిపోదు. కోర్టు ముందు ఈ ఎత్తు నిలబడుతుందని నేననుకోను.

ఇంకో సందర్భం రోజూ జరిగేది. ఎవరో ఉద్యోగి లీగల్ క్యాబిన్‌లోకి వచ్చి తలుపు వేసి, ‘మేడమ్, ఇది మన మధ్యే ఉండాలి’ అని మొదలుపెడతాడు. మేడమ్ లాయరే, కానీ అతని లాయరు కాదు. ఆమె కాపాడాల్సింది కంపెనీ ప్రయోజనాన్ని. అతను చెప్పింది అతని మీదే చర్యకు దారితీయవచ్చు. అమెరికాలో 1981 నాటి అప్‌జాన్ తీర్పు కంపెనీ లాయరుతో ఉద్యోగులు మాట్లాడే మాటలకు రక్షణ ఇచ్చింది, కానీ ఆ రక్షణ కంపెనీదే, ఉద్యోగిది కాదు. అందుకే అక్కడ విచారణకు ముందే ఆ సంగతి ఉద్యోగికి చెప్పే అలవాటు వచ్చింది. మన దగ్గర కంపెనీకి కూడా ఆ రక్షణ లేదు. కాబట్టి అతను నోరు విప్పకముందే ‘నేను కంపెనీ తరఫున వింటున్నాను, దీన్ని రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వలేను’ అని చెప్పడం మర్యాద మాత్రమే కాదు, అవసరం కూడా.

రాయకపోతే తన మెడకే

ఇంత విన్నాక ఎవరికైనా వచ్చే ఆలోచన: అయితే ఏదీ రాయకుండా ఫోన్‌లో చెప్పేస్తే పోలా? పోదు.

కంపెనీల చట్టం 2013 సెక్షన్ 2(60)లో ‘ఆఫీసర్ హూ ఈజ్ ఇన్ డిఫాల్ట్’ (ఉల్లంఘనకు బాధ్యుడైన అధికారి) నిర్వచనం చాలా వెడల్పుగా ఉంటుంది. డైరెక్టర్లు, కీలక నిర్వాహక అధికారులు మాత్రమే కాదు, వాళ్ల కింద ఒక బాధ్యత అప్పగించిన వ్యక్తి తెలిసి తెలిసి ఉల్లంఘనను అనుమతించినా, తెలిసీ ఆపడానికి చర్య తీసుకోకపోయినా అందులోకి వస్తాడు. కంపెనీ సెక్రటరీ ఎలాగూ కీలక నిర్వాహక అధికారే. ఇక్కడ చాలా కంపెనీల్లో ఒకే మనిషి కంపెనీ సెక్రటరీ, లీగల్ హెడ్ రెండూ. ఉదయం బోర్డుకు సలహా ఇచ్చేదీ, సాయంత్రం ఆ బోర్డు మినిట్స్ రాసి ఫైలింగ్ మీద సంతకం పెట్టేదీ ఆయనే. జీతం ఒకటి, ప్రమాదాలు రెండు.

2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ గుర్తున్న ఊరు ఇది. ఆ తర్వాత వచ్చిన కంపెనీల చట్టంలో మోసానికి సెక్షన్ 447 కింద పదేళ్ల దాకా జైలు ఉంది. లిస్టెడ్ కంపెనీలకు ఫిర్యాదుల కోసం ‘విజిల్ మెకానిజమ్’ అనే నిఘా ఏర్పాటు తప్పనిసరి. ‘నాకు పై నుంచి చెప్పారు’ అనే జవాబు ఈ సెక్షన్ల ముందు ఎక్కువసేపు నిలబడదు.

అసలు చిక్కు లంచాల దగ్గర. క్యాంపస్ కడుతుంటే ప్లాన్ అనుమతులు, ఫైర్ ఎన్‌ఓసీ, కరెంటు కనెక్షన్. ఈ పనులన్నీ చూసే ‘కన్సల్టెంట్’ ఒకడుంటాడు. అతని అగ్రిమెంటు వెట్టింగ్ (చట్టపరమైన పరిశీలన) కోసం లీగల్‌కు వస్తుంది. ఫీజు పనికి మించి ఉంటుంది, బిల్లులో ‘లైజనింగ్ చార్జీలు’ అని ఉంటుంది. చదివిన ఎవరికైనా అర్థమవుతుంది.

2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం కింద లంచం ఇచ్చినవాడు కూడా నేరస్తుడే. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి. కంపెనీ కోసం మధ్యవర్తి ఇచ్చినా కంపెనీ ఇరుక్కుంటుంది. ఇలాంటివి జరగకుండా తగిన పద్ధతులు పెట్టుకున్నాం అని నిరూపించుకోవడమే కంపెనీకి ఉన్న వాదన. అధికారి సమ్మతి ఉందని తేలితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. ఆ ‘తగిన పద్ధతులు’ ఉన్నాయని చూపించేది లీగల్ టీమ్ కాగితాలే. కన్సల్టెంట్ గురించి ఏం ఆరా తీశారు, ఏ అభ్యంతరం చెప్పారు, ఎవరు దాన్ని దాటేసి ఆమోదించారు, అన్నీ రాతలో ఉండాలి. ఇక్కడ రాయడమే రక్షణ.

చెన్నైలో క్యాంపస్ అనుమతి కోసం కాంట్రాక్టరు ద్వారా దాదాపు 20 లక్షల డాలర్ల లంచానికి ఒప్పుకున్నారన్న ఆరోపణతో 2019లో కాగ్నిజెంట్ మాజీ ప్రెసిడెంట్ మీద, మాజీ చీఫ్ లీగల్ ఆఫీసర్ మీద అమెరికాలో క్రిమినల్ కేసు పెట్టారు. కంపెనీ తానే ముందుకొచ్చి చెప్పి, అక్కడి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి రెండున్నర కోట్ల డాలర్లు కట్టి బయటపడింది. ఇద్దరి మీదా కేసు ఆరేళ్లు నడిచి, 2025లో విచారణ మొదలుకాక ముందే కొట్టివేశారు. నేరం రుజువు కాలేదు. కానీ న్యాయ విభాగం అధిపతి ఆరేళ్లు ముద్దాయిగా గడిపాడు, కంపెనీ మాత్రం మొదటి ఏడాదే ఫైలు మూసుకుంది.

ఒక శనివారం రాత్రి, ఎన్నో గడియారాలు

రాయాలా వద్దా అన్న ప్రశ్న అన్నిటికన్నా తీవ్రంగా ఎదురయ్యేది డేటా లీకైన రాత్రి. సర్వర్‌లోకి ఎవరో చొరబడ్డారని ఐటీ టీమ్ గమనించిన క్షణం నుంచి గడియారాలు వేర్వేరుగా తిరుగుతాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం దానికి ఆరు గంటల్లో చెప్పాలి. లిస్టెడ్ కంపెనీ అయి, విషయం ముఖ్యమైనదైతే సెబీ నియమాల కింద స్టాక్ ఎక్స్ఛేంజీలకు గంటల్లోనే తెలపాలి. యూరప్ వాళ్ల డేటా ఉంటే అక్కడి చట్టం 72 గంటలు ఇస్తుంది. మాతృసంస్థ అమెరికాలో లిస్టయి ఉంటే, విషయం ముఖ్యమైనదని తేల్చుకున్న తర్వాత నాలుగు పని దినాల్లో అక్కడి ఎస్ఈసీకి చెప్పాలి. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చినా, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అందులోని ప్రధాన బాధ్యతలు 2027 మే నుంచి అమలవుతాయి. అప్పుడు డేటా ప్రొటెక్షన్ బోర్డుకు వెంటనే ఒక సమాచారం, 72 గంటల్లో పూర్తి వివరాలు ఇవ్వాలి. భద్రత సరిగా పెట్టుకోలేదని తేలితే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లొచ్చు.

ఆ మొదటి ఆరు గంటల్లో వాట్సాప్ గ్రూపులో ఏం నడుస్తుందో ఊహించుకోవచ్చు. ‘ప్యాచ్ వేయమని నేను మార్చిలోనే చెప్పా’, ‘కస్టమర్ల ఆధార్ కాపీలు కూడా పోయినట్టున్నాయి’. వీటిలో సగం తప్పని తెల్లారేసరికి తేలుతుంది. కానీ స్క్రీన్‌షాట్లు ఉండిపోతాయి. అనుభవమున్న లీగల్ హెడ్ ఆ గ్రూపులో తన ఊహలు రాయడు. జరిగింది మాత్రం గంటల వారీగా ఒక చోట నమోదు చేయిస్తాడు, కారణాల మీద చర్చ బయటి అడ్వకేట్ ఉన్న కాల్‌లోకి మారుస్తాడు. మెసేజులు డిలీట్ చేయమని మాత్రం చెప్పకూడదు. అది సాక్ష్యం చెరపడం అవుతుంది, అసలు తప్పుకన్నా పెద్ద తప్పు.

జీసీసీల సంగతి

హైదరాబాదులోని జీసీసీలో లీగల్ మేనేజరు జీతం ఇచ్చేది ఇక్కడ రిజిస్టరైన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఆయన రిపోర్ట్ చేసేది విదేశంలోని జనరల్ కౌన్సెల్‌కు, అంటే మాతృసంస్థ న్యాయ విభాగం అధిపతికి. ‘నాకు విడిగా ఒక ఈమెయిల్ పెట్టు, ప్రివిలేజ్‌లో ఉంటుంది’ అని అవతలి వ్యక్తి నమ్మకంగా చెబుతాడు. అమెరికా కోర్టులో అది నిజం కావచ్చు. అదే ఈమెయిలు హైదరాబాదు లాప్‌టాప్‌లో కూడా ఉంది, దాన్ని ఇక్కడి అధికారి సీజ్ చేస్తే వర్తించేది ఇక్కడి చట్టం. ఈ తేడాను హెడ్డాఫీసుకు ముందే వివరించి చెప్పడం ఇక్కడి లీగల్ మేనేజరు పనుల్లో ఒకటి. ఈ మాట ఎవరికీ రుచించదు, అయినా చెప్పాలి.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనం నిర్వచనం మారడంతో జీతం స్లిప్పులు, గ్రాట్యుటీ లెక్కలు తిరగరాయాల్సి వచ్చింది. లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఆ కమిటీ ముందు ఏ పక్షమూ లాయరును తెచ్చుకోకూడదు. కానీ కమిటీ నివేదిక ‘భాష సరిచేయడానికి’ అంటూ లీగల్ టీమ్‌కు పంపే అలవాటు చాలాచోట్ల ఉంది. స్వతంత్రంగా ఉండాల్సిన నివేదిక మీద కంపెనీ చెయ్యి పడినట్టు కనిపించేది అక్కడే. లీగల్ టీమ్ దాన్ని ముట్టుకోకుండా ఉండటమే మేలు.

పెద్ద కంపెనీలకు వీటన్నిటికీ డబ్బు, మనుషులు ఉంటారు. ఇబ్బంది ముప్పై నలభై మందితో నడిచే స్టార్టప్‌లది. అక్కడ లీగల్ మేనేజరు ఒక్కరే ఉంటారు, కాంట్రాక్టులు, బండ్లగూడ కార్పొరేట్ భవన్‌లోని ఆర్ఓసీ (కంపెనీల రిజిస్ట్రార్) ఫైలింగులు, హెచ్ఆర్ నోటీసులు అన్నీ ఆయనే చూసుకోవాలి. బయటి అడ్వకేట్‌ను పెట్టుకుందాం అంటే ఫౌండర్ అడిగే మొదటి ప్రశ్న, ‘నువ్వు ఉండగా ఇంకో లాయరుకు ఫీజు ఎందుకు?’ ప్రతి విషయానికీ అక్కర్లేదు. మోసం ఆరోపణ, అధికారుల సోదా లేదా సమన్లు, లంచం డిమాండు, పై స్థాయి వ్యక్తి మీద ఫిర్యాదు, పెద్ద డేటా లీకు. ఈ ఐదింటికీ పిలవగానే వచ్చే ఒక అడ్వకేట్‌తో ముందే ఎంగేజ్‌మెంట్ లెటర్ (నియామక పత్రం) రాసుకుంటే సరిపోతుంది. వెండర్ అగ్రిమెంట్లు, అద్దె ఒప్పందాలు, మామూలు నోటీసులకు జవాబులు లీగల్ మేనేజరు దగ్గరే ఉండొచ్చు. వాటిలో దాచుకోవాల్సింది పెద్దగా ఉండదు.